కార్తీకంలో చూసిన ఊట

మొన్న సంతరోజున అరకు నుంచి బస్సులో వస్తుంటే, కొండమీది రిసార్టుకు వెళ్ళే మలుపులో ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడి ఉన్నారు. ఈ వయసులో అంత కోపం నాకు మంచిది కాదని తెలుసు, అయినా వచ్చింది.

చాలా ఏళ్ళ కిందట, ఆ రిసార్టు కట్టాలా వద్దా అని తేల్చేముందు, దానివల్ల కింది ఊళ్ళకు ఏమవుతుందో చూసి చెప్పవలసిన బృందంలో, ఉద్యోగంలో కొత్తగా చేరిన నేనూ ఉన్నాను. మా నాన్నది అరకులో కిరాణా కొట్టు కావడంతో ఆ ఊళ్ళ మనుషులు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే పరిశీలన ఎలా సాగాలో ఎంతో ఇష్టంగా ఆలోచించాను: నిర్ణయం చేసేవాళ్ళకు ఏం తెలియాలో మొదట తేల్చుకోవాలని, ఆ ఊళ్ళకు నీళ్ళిచ్చే కొండ ఊటను వానల్లోనూ ఎండల్లోనూ చూడాలని, నీళ్ళు మోసే ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగాలని, కొండమీద కాక రోడ్డు పక్క బీడులో కడితే ఎలా ఉంటుందో కూడా పోల్చి చూపాలని. మా బృందాన్ని నడిపే పెద్దాయన విని నవ్వి, ఎండల దాకా ఆగలేమన్నారు, బీడు సంగతి ఎత్తవద్దన్నారు. కార్తీకంలో, ఊట పొంగి పారుతున్నప్పుడు, మమ్మల్ని ఆ ఊళ్ళకు తీసుకెళ్ళారు.

అక్కడ మా కొట్టుకు చింతపండు తెచ్చే అవ్వ చోడి అంబలి పోసి, నన్నే అడిగింది.

"మేం వొద్దంటే ఆపేత్తారేటి గుంటా?"

"అందుకే కదా అవ్వా వొచ్చినాం."

నమ్మే చెప్పాను. కొండ దిగుతుంటే పెద్దాయన, శంకుస్థాపనకు ముహూర్తం కుదిరిపోయిందని, దానికి అడ్డు రాకుండా రాయడమే మన పనని, చల్లగా చెప్పారు.

మర్నాడు పై అధికారి ముందు లేచి నిలబడ్డాను. "ఇది పరిశీలన కాదండీ, అయిపోయిన నిర్ణయానికి మాచేత సాక్ష్యం చెప్పిస్తున్నారు" అన్నాను. కొద్దిరోజులకే నన్ను కిందికి, మైదానానికి బదిలీ చేశారు. రిసార్టు లేచింది, దానికి బోర్లు పడ్డాయి, ఆ తర్వాతి ఎండలకే ఊట ఇంకిపోయింది. నీటికి ఢోకా లేదని రాసిన పెద్దాయన మాత్రం పై పదవికి వెళ్ళారు. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

నిరుడు, మరో కొండమీద మరేదో కడతారని పరిశీలనకు వెళ్తూ, ఇప్పుడు అదే ఉద్యోగంలో ఉన్న మా మేనకోడలు తోడు రమ్మంటే వెళ్ళాను. దానికి ఏడాది పొడవునా తిరిగి చూసే వ్యవధి ఇచ్చారు, ఎవరినైనా అడిగే స్వేచ్ఛ ఇచ్చారు. నాకు దక్కనివన్నీ దానికి దక్కాయి. మా జీపు చప్పుడు వినగానే ఒక్కొక్క ఇంటి తలుపే మూసుకుంది. అది వీధిలో నిలబడి ఎంత మర్యాదగా పిలిచినా ఎవరూ బయటికి రాలేదు. అడిగితే మనసు విప్పి చెప్పే కాలం ఒకటి ఈ కొండల్లో ఉండేది, ఆ పిల్ల దాకా దాన్ని మనం మిగల్చలేదు.