పాలు పొంగనివ్వని బరాకా, మా యాదమ్మ పెద్దమ్మ

జూన్ 14, శుక్రవారం.

నిన్న పొద్దున నన్ను నిద్ర లేపింది బరాకా ఫోన్.

"యాదమ్మ పెద్దమ్మ పోయింది. జర జల్ది రా."

అంత చేదు కబురును అంత చక్కటి తెలుగులో చెప్పిన మనిషిది టాంజానియా. ఆ తెలుగు నేర్పింది పెద్దమ్మే.

నిద్రలోనే పోయిందట. మొన్న ఆదివారం నాకు మామిడికాయ పచ్చడి కట్టి పంపింది. ఆ డబ్బా ఇంకా సగం కూడా కాలేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం: పెద్దమ్మ మా పాత హౌస్ ఓనర్. బోడుప్పల్‌కి మారకముందు, నాచారంలో ఆమె ఇంటి పై పోర్షన్‌లో ఉండేవాళ్లం.

నేను ఇంటర్‌లో ఉండగా బరాకా ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాడు. విదేశీ విద్యార్థులు చేయించుకోవాల్సిన పోలీస్ రిజిస్ట్రేషన్‌కి లోకల్ అడ్రస్ కావాలి. గడువు ఆ వారమే. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా టులెట్ బోర్డులన్నీ తిరిగాడు. బోర్డు వేలాడుతున్న గేటు దగ్గరే "రూమ్ లేదు" అన్నారు.

పెద్దమ్మ కింది గది ఇస్తానంది.

సాయంత్రానికల్లా ఎదురింటి నర్సింహ అంకుల్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఫారినోళ్లకు ఇస్తే గల్లీ ఖరాబైతది అక్కా. ఖాళీ చేయించు."

"ఇంకా దిగనే లేదు, ఖాళీ ఏంది నర్సింహా? రేపు పొద్దుగాల పాలు పొంగిస్తున్నడు. అందరు రండి."

పాలు పొంగించడానికి పిలిస్తే మా గల్లీలో ఎవరూ రానని అనరు. పగవాడైనా వస్తాడు.

ఆ సాయంత్రమే బరాకాకు పాఠాలు మొదలు. స్టవ్ ఎలా వెలిగించాలి, నల్లా ఏ రోజు వస్తుంది, ఉప్పల్ షేర్ ఆటోలో ముందు సీటు అంచున ఎలా కూర్చోవాలి. అన్నీ చెప్పింది. ఒక్కటి తప్ప.

మర్నాడు అందరూ వచ్చారు, ముఖాలు ముడుచుకునే.

పాలు పైకి లేచాయి. బరాకా చటుక్కున మంట తగ్గించాడు. మళ్లీ లేచాయి. మళ్లీ తగ్గించాడు. ఒక్క చుక్క ఒలకనివ్వకుండా కాపాడి, మా వైపు గర్వంగా చూశాడు.



చివరికి నర్సింహ అంకులే ఆగలేకపోయాడు.

"అరే పొంగనియ్ రా భై. పొంగకుంటే ఇల్లు ఎట్ల కలిసొస్తది?"

స్టవ్ దగ్గరికి వెళ్లి తానే మంట పెంచాడు. పాలు గిన్నె అంచు దాటి పొంగాయి.

"చూసిన్రా, నర్సింహనే పొంగిచ్చిండు" అంది పెద్దమ్మ. "ఇగ పిలగాన్ని ఎట్ల ఎల్లగొడ్తడు?"

అందరికన్నా ముందు అంకులే నవ్వాడు. పాలు తాగి వెళ్లాడు. ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

'పొంగు' అనే మాట నాకు ఆ రోజు నుంచే ఇష్టం. పలికితే నోరు నిండుతుంది.

ఇప్పుడు బరాకా పీహెచ్‌డీ స్కాలర్. ఊరికి కొత్తగా వచ్చే ఫారిన్ స్టూడెంట్స్‌కి నల్లా, ఆటో పాఠాలు చెప్పేది అతనే.

నిన్న సాయంత్రం పాడె ఎత్తినప్పుడు ముందు ఒక పక్క బరాకా భుజం, ఇంకో పక్క నర్సింహ అంకుల్ భుజం.

తిరిగి వచ్చాక అంకుల్ అడిగాడు.

"ఎల్లుండి మీ ఊరోళ్లు ఇద్దరు వస్తున్నరంటివి. యాడ దింపుతవు?"

"పెద్దమ్మ ఇంట్లనే అనుకున్నం. ఇప్పుడు మైల కదా అంకుల్."

"మా మీది రూమ్ ఖాళీనే ఉన్నది. ఆడ దించు. పాలు నేను తెస్త."

పెద్దమ్మా, గెలిచావు. ఇక హాయిగా నిద్రపో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

రేపు పొద్దున్నే నర్సింహ అంకుల్ ఇంటికి వెళ్తున్నాను. స్టవ్ దగ్గర బరాకాను నిలబడనివ్వం.