అమ్మమ్మ అడిగిన వన్స్ మోర్

నిన్న డార్మ్‌లో దుప్పటి కోసం పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన వచ్చింది. అడుగున అమ్మమ్మ మెరూన్ పట్టుచీర ఉంది. స్కూల్ నాటకంలో నేను వేసుకున్న రాజు అంగీ ఈ చీరే.

ఫిఫ్త్ గ్రేడ్‌లో నేనే రాజుని. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ గొప్ప ఇంగ్లీషు కవి నాటకం అది. షామ్‌బర్గ్ ఊళ్ళో మా వంటగదిలో నేను నా మాటలు వల్లిస్తుంటే, అమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఆ కవి చేతితొడుగులు కుట్టేవాళ్ళ అబ్బాయనీ, నాటకాలు రాసి వాటిలో నటించేవాడనీ చెప్పాను.

"తనే రాసి తనే వేషం కట్టేవాడా? అయితే మనవాడేనే!" అంది.

నాటకం రోజున మరిచిపోతానన్న భయంతో నా మాటలు గబగబా అప్పజెప్పేశాను. చప్పట్లు ఆగగానే వెనక నుంచి అమ్మమ్మ కేక వినిపించింది. "వన్స్ మోర్!"

వాళ్ళ ఊరి నాటకాల్లో పద్యం నచ్చితే అలాగే అడిగేవారట. నటుడు మళ్ళీ పాడాల్సిందే.

"అమ్మా, ఇక్కడ అలా అరవకూడదు. కూర్చో, ప్లీజ్," అంది అమ్మ.

"బాగుంటే అడగొద్దా ఏమిటే?"

టీచర్ నవ్వి నాకు తలూపారు. రెండోసారి నెమ్మదిగా చెప్పాను. ఆ మాటల రుచి నాకు అప్పుడే తెలిసింది.

అమ్మమ్మ పోయి రెండేళ్ళు. ఇవాళ క్లాసులో అదే కవి పద్యం అప్పజెప్పాను. ప్రొఫెసర్ "గుడ్, నెక్స్ట్" అన్నారు.

నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడ్డాను.