నాలుగో తరగతి టేపు

2007 వేసవిలో నన్ను అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లోని ఒక హోస్టింగ్ సంస్థలో బ్యాకప్ విభాగానికి మార్చారు. హోదా సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్, రెండో గ్రేడు. ఖాతాదారుల వెబ్‌సైట్లు మా డేటా సెంటర్‌లోని సర్వర్ల మీద నడిచేవి. వాటి నకళ్లు టేపుల మీదికి ఎక్కించడం, ఏదైనా సర్వర్ పోతే ఆ టేపు నుంచి తిరిగి నిలబెట్టడం నా పని. ఆ వృత్తి నుంచి తప్పుకుని కొంతకాలమైంది.

మా దగ్గర సర్వర్లకు నాలుగు తరగతులుండేవి. మొదటిది క్లినిక్‌లు, మందుల షాపులు. రెండోది ఆన్‌లైన్ దుకాణాలు. మూడోది ఆఫీసుల ఈమెయిల్. నాలుగోది సొంత సైట్లు, బ్లాగులు. ప్రమాదం జరిగితే ఈ వరసలోనే ఒక్కొక్కటీ పైకి లేపాలి. టేపులకూ అదే వరస: కొత్తది క్లినిక్‌లకు, తిరిగి తిరిగి అరిగినది బ్లాగులకు. ఈ ఏర్పాటు నాకు సబబుగానే తోచేది. ఉద్యోగులకు నాలుగో తరగతి సర్వర్ మీద చోటు ఉచితం కాబట్టి నా తెలుగు బ్లాగును కూడా అక్కడే పెట్టుకున్నాను.

అప్పట్లో తెలుగులో బ్లాగులు రాసేవాళ్లం ఒకరి టపాకు, అంటే బ్లాగులో వేసిన పోస్టుకు, మరొకరం వ్యాఖ్యలు రాసుకునేవాళ్లం. ఏటా బ్లాగు పుట్టినరోజున ఒక టపా వేసి అభినందనలు అందుకోవడం ఆనవాయితీ. నేను భాష భవిష్యత్తు మీద, వలస జీవితం మీద, అంశాలకు అంకెలు వేసి మరీ, పొడుగాటి వ్యాసాలు రాసేవాణ్ని. తెలుగు చర్చను ఒక దారిలో పెడుతున్నానని నమ్మేవాణ్ని. మూడేళ్ల రాతకు ఇంట్లో వేరే నకలు లేదు. బ్యాకప్ చేసేది నేనే కదా అనుకున్నాను.

ఆగస్టులో ఒక శనివారం ఉదయం ఏసీ గొట్టం పగిలి ఒక వరస సర్వర్ల మీద నీళ్లు పడ్డాయి. టేపులు చదివే డ్రైవులు రెండింటిలో ఒకటి తడిసి పాడైంది. ఇక పనులన్నీ మిగిలిన ఆ ఒక్క డ్రైవు మీదే, ఒకదాని తర్వాత ఒకటిగా జరగాలి. నా బ్లాగు పుట్టినరోజు మర్నాడే.

మా షిఫ్ట్ లీడ్ సత్యం అన్న కరీంనగర్ మనిషి. ఆయన దగ్గరికి వెళ్లాను.

“అన్నా, బ్లాగుల సర్వర్ చిన్నది. త్వరగా అయిపోతుంది. ముందు దాన్ని రీస్టోర్ చేద్దామా?”

“క్లినిక్‌ల కంటే ముందుగాల్నా?”

“క్లినిక్‌లు తెరిచేది సోమవారం కదన్నా. నా బ్లాగుకి రేపు జనం వస్తారు.”

“ఎంత మంది జనం తమ్మీ?”

చెప్పుకోదగ్గ మందే అన్నాను. ఆయన నవ్వలేదు.

“నీ బ్లాగు బందైతే ఎవ్వనికన్న జ్వరమొస్తదా? క్లినిక్ బందైతే జ్వరమొచ్చినోడు వాపస్ పోతడు. టేప్ పెట్టు.”

పెట్టాను. సోమవారం క్లినిక్‌లు తెరిచేసరికి వాళ్ల అపాయింట్‌మెంట్లు తెర మీద ఉన్నాయి. దుకాణాలు, ఈమెయిల్ అయ్యాక నాలుగో తరగతి వంతు వచ్చింది. బ్లాగుల టేపు కొంత దూరం తిరిగి ఆగిపోయింది. శుభ్రం చేసి మళ్లీ పెట్టినా అదే చోట ఆగింది. శనివారం పెట్టినా అక్కడే ఆగేది. నా టపాలన్నీ ఆ చదవలేని భాగంలో ఉన్నాయి.

బ్లాగర్ల గ్రూపుకు ఈమెయిల్ పంపాను, నా టపాలు ఎవరైనా దాచుకుని ఉంటే పంపమని. జవాబులు చాలానే వచ్చాయి. ఒకాయన బ్లాగు లోకానికి తీరని లోటని రాసి, ఇంతకీ మీ బ్లాగు పేరేమిటని చివర అడిగారు. టపా మాత్రం ఒక్కటీ రాలేదు.

ఆ వారాంతంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. కూతురి ఇంట్లో కొన్నాళ్లు ఉండడానికి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఆయనా ఆ గ్రూపులో ఉన్నారు; నా ఈమెయిల్ కింద నంబరు చూసి చేశారట.

“నీ కాగితం ఒకటి నా దగ్గరుంది బాబూ. కంప్యూటర్లో తెలుగు డబ్బాల్లాగా కనిపిస్తే ఏం చెయ్యాలో రాశావే, అది. ప్రింట్ తీసి గోడకి అంటించాను. ఇక్కడికొచ్చిన మా ఈడువాళ్లందరూ దాన్ని చూసే తెలుగు పేపర్లు చదువుకుంటున్నారు.”

అది బ్లాగు మొదలుపెట్టిన కొత్తలో, వ్యాసం రాసే తీరిక లేని ఒక వారం వేసిన టపా. దానికి ఒక్క వ్యాఖ్యా రాలేదు.

“కాకపోతే చివర్లో కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాలని నువ్వు రాయలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాం. నేను పెన్సిల్‌తో రాసుకున్నాలే.”

మిగతా వ్యాసాలు చదివారా అని అడిగాను.

“చూశాను బాబూ. బాగానే ఉన్నాయి. పెద్దవి.”

ఆ కాగితాన్ని ఆయన మనవరాలు స్కాన్ చేసి పంపింది. కొత్త బ్లాగును ఆ టపాతోనే మొదలుపెట్టాను, పెన్సిల్ వాక్యం కూడా చేర్చి.

తర్వాత సత్యం అన్నకు ఒక మార్పు కోరుతూ అభ్యర్థన ఇచ్చాను: నాలుగో తరగతి టేపులను కూడా నెలకోసారి చదివించి చూడాలని, ఆగినవాటిని పారేయాలని. ఆయన చదివి సంతకం పెట్టారు.

“వరస మార్చమంటవనుకున్న,” అన్నారు.

“అక్కర్లేదన్నా. వరస సరిగ్గానే ఉంది.”

ఇప్పటికీ నా అభిప్రాయం అదే. బ్లాగు నాలుగో తరగతి వస్తువు; దాని వంతు చివరనే రావాలి. అయితే వంతు వచ్చినప్పుడు మాత్రం టేపు తిరగాలి.