జెండా లేని గేట్‌మ్యాన్

ఎదురుచూడడం తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గంటలకొద్దీ వరుసలో నిలబడే జనాన్ని చూస్తూ పెరిగిన ఊరు మాది. అయినా ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై మూడేళ్లున్నప్పుడు, మేము చేసినంత వింత ఎదురుచూపు మా ఊళ్లో కూడా ఎవరూ చేసి ఉండరు. ఇంకా తయారుకాని ఒక కంప్యూటర్ ఆట కోసం రెండున్నరేళ్లు కళ్లు కాయలు కాసేలా కూర్చున్నాం. ఆ రెండున్నరేళ్లలో నేను ఒక పని చేశాను. అప్పుడు దాన్ని తెలివి అనుకున్నాను. ఇప్పుడేమనుకుంటున్నానో చివర్లో చెప్తాను. అప్పటికి మీకే తెలిసిపోయి ఉంటుంది.

బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని నాది. యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. పనివాళ్లం ఇద్దరమే, నేనూ, గేటూ. గేటంటే నా స్నేహితుడు. వాళ్ల నాయన పాకాల దగ్గర రైల్వే గేటులో గేట్‌మ్యాన్ కాబట్టి బడిలోనే వాడికి ఆ పేరు పడింది. వాడు బాధపడకపోగా, "మా నాయన గేటేసినాడంటే కలెక్టరైనా నిలబడాల్సిందే మచ్చా" అని చెప్పుకునేవాడు. మా ఇద్దరికీ ఒకే పిచ్చి. కత్తులు, కోటలు, మంత్రాలు ఉన్న ఒక పెద్ద కథలో మనమే ఒక పాత్రగా మారి, ఊరూరా తిరిగి, ఎదురైన వాళ్లందరితో మాట్లాడుతూ వారాల తరబడి ఆడే ఆటలు. అలాంటి ఆటలు చేయడంలో పేరున్న కొందరు విదేశీయులు, పెద్ద కంపెనీలు వద్దన్నాయని, అభిమానుల నుంచే చందాలు వసూలు చేసి ఒక ఆట చేస్తామని ప్రకటించారు. వినాయక చవితి పందిరికి చందా వేసినట్టే మేమూ వేశాం. మా దగ్గర విదేశాలకు పనికొచ్చే కార్డు లేదు కనుక భాయ్ కార్డు వాడుకున్నాం. "లేని ఆటకు దుడ్డు కడతా ఉండారా? మీకన్నా మా మేకలు నయం మియా" అని ఆయన ఆశీర్వదించాడు.

చందా వేసిన మరుక్షణం నుంచీ ఆట మా సొంతమైనట్టు వాదనలు మొదలయ్యాయి. యుద్ధం వచ్చినప్పుడు అందరూ ఒకేసారి కలబడాలా, లేక ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా కొట్టాలా అన్నది ప్రపంచవ్యాప్తంగా అభిమానులను రెండుగా చీల్చిన సమస్య. నేను వంతుల పక్షం. గేటు కలబడే పక్షం. "కొట్టుకునేదానికి వరస ఏందిరా, అదేమన్నా దర్శనం క్యూనా?" అనేవాడు. "వరస లేకుంటే అది యుద్ధం కాదురా, సిటీ బస్సు" అనేవాణ్ని నేను. "నువ్వు కొట్టేదాకా వాడు చేతులు కట్టుకోని నిలబడుకోనుంటాడా? మా పాకాల్లో ఒకసారి అట్ల నిలబడి సూడు, తెలస్తాది." ఆట తయారుచేసేవాళ్లు నడిపే చర్చావేదికలో వంతుల పక్షాన నేను ఇంగ్లీషులో పేజీలకు పేజీలు రాశాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. (అదే సమయంలో నా బల్ల మీద మూడు ప్రింటర్లు ప్రాణాల కోసం ఎదురుచూస్తుండేవి.) నార్వే నుంచి ఎవరో ఒకాయన నా వ్యాసాన్ని మెచ్చుకున్నాడు. ఆ వారం నేను నేల మీద నడవలేదు.

నెలనెలా వాళ్ల దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చేది. షాపులో దాన్ని నేను గట్టిగా చదివి తెలుగులో చెప్పేవాణ్ని. ఒక నెల, "ఈ నెలంతా గడ్డి మీద పనిచేశాం. గాలికి ఊగే గడ్డి" అని వచ్చింది. భాయ్ కళ్లజోడు పైకి తోసి, "ఒక నెలంతా గడ్డేనా?" అన్నాడు. మరుసటి నెల క్షమాపణతో పాటు మళ్లీ గడ్డే. అప్పటి నుంచి ఆయన షాపులోకి రాగానే, "ఏమప్పా, ఇంకా గడ్డి కాడనే ఉండారా?" అని పలకరించేవాడు.

ఆ మధ్యలోనే ఒక ఉత్తరంలో అసలు సంగతి వచ్చింది. మేం వేసిన స్థాయి చందాకు ప్రతిఫలంగా ఆటలో ఒక చిన్న పాత్రను మేమే రూపొందించవచ్చు. దానికో పేరు, చేతిలో ఒక వస్తువు, నోట్లో ఒక్క మాట. గేటు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా నాయన" అన్నాడు. ఆ ఏడాదే రైల్వే వాళ్లు పాకాల దగ్గర పట్టాల కింద దారి తవ్వి, వాళ్ల నాయన గేటును ఎత్తేశారు. ఆయన్ని స్టేషన్లో ఏదో పనికి మార్చారు. ముప్పై ఏళ్లు గేటు దగ్గర నిలబడిన మనిషి, ఇంట్లో కూడా తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడట. "ఈడ ఎత్తేసినారు కదా మచ్చా, ఆడన్నా ఉండనీ" అన్నాడు గేటు. రిపేరు రసీదు వెనక తెలుగులో రాసి ఇచ్చాడు. ఒక ఊరి గేటు. దాని దగ్గర మా నాయన, ఆయన పేరుతోనే. చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా. గేటు దగ్గర తొందరపడి హారన్ కొట్టే ప్రతివాడికీ ఆయన చెప్పే మాట: "తొందరేమప్పా? రోంతసేపుంటే దావంతా నీదే." (కాసేపు ఆగితే దారంతా నీదేనని.)

ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేను కనుక పంపే పని నాది. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నార్వే ఆయన గుర్తొచ్చాడు. అంత గొప్ప ఆటలో, అంతమంది దేశదేశాల వాళ్లు చూసే చోట, పాకాల గేట్‌మ్యానూ, రెండు గుడ్డ జెండాలూ, ఈ మాటా ఏం బాగుంటాయి? నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరి గురించో అప్పుడు నన్ను నేను అడగలేదు. సహస్ర యుగాల ద్వారపాలకుడు అనే అర్థం వచ్చే పేరు పెట్టాను. జెండాలు తీసేసి చేతిలో ఈటె పెట్టాను. "నక్షత్రాలు ఆరిపోయిన రాత్రి నుంచీ ఈ ద్వారం నీ రక్తం కోసమే మేల్కొని ఉంది" అని ఇంగ్లీషులో రాశాను. (దానికి అర్థమేమిటో రాసిన నాకే ఇప్పటికీ తెలియదు.) గేటు అడిగితే, "పంపించేసినా" అన్నాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

చివరికి ఆట వచ్చింది. భాయ్ మిఠాయి పంచాడు. మా ఇద్దరిలో ఎవరి వాదనా నెగ్గలేదు, ఎవరికి కావలసినట్టు వాళ్లు ఆడుకునే వీలు పెట్టేశారు. రెండున్నరేళ్ల నా వ్యాసాలు సెట్టింగుల్లో ఒక చిన్న మీటగా మిగిలాయి. గేటు రెండు వారాలు ఆడి, మా పాత్ర ఉండే ఊరి పొలిమేర దాకా వెళ్లి ఆగిపోయాడు. "నాయన వచ్చినాకే లోపలికి పోతాం" అన్నాడు. "ఆయనకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిరా, పెద్దాయన్ని శ్రమ పెట్టొద్దు" అని ఎంతో దయగా చెప్పి చూశాను. వాడు వినలేదు.

ఆదివారం పొద్దున వాళ్ల నాయన పాకాల రైలు దిగి షాపుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఫొటో స్టూడియోకి వచ్చినట్టు. మేము వేసిన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గేటు ఆట నడిపించాడు. కోట ద్వారం, దాని ముందు ఈటె పట్టుకున్న ఒక భీకరాకారుడు. వాడి తల మీద ఇంగ్లీషులో నేను పెట్టిన పేరు. గేటు చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"అదేనా, నా పేరు రాసినారా పైన?" అని అడిగాడు నాయన. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"ఆ, రాసినారు నాయనా" అన్నాడు గేటు.

"చేతిలో అదేంది? ఈటెనా? జెండా ఏదిరా? జెండా లేకుండా గేటుకాడ ఎవురు నిలబడుకోమనింది వీన్ని?" ఇంతలో ద్వారం దానంతటదే తెరుచుకుంది. ఆయన కుర్చీలోంచి లేచాడు. "అబ్బా! స్టేషన్‌కు ఫోన్ చేయలా, గేటు తీసేదానికి నంబరు అడగలా, తీసేసినాడే! ఇట్లాంటోన్ని రెండు దినాల్లో సస్పెండ్ చేస్తారప్పా!"

భాయ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ద్వారపాలకుడు గంభీరంగా తన నక్షత్రాల మాట చెప్పేశాడు. "ఏమంటా ఉండాడు?" అన్నాడు నాయన. గేటు తెర మీద నుంచి చూపు తిప్పి నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు" అన్నాడు. అంతే.

"తొందరేమప్పా, రోంతసేపుంటే దావంతా నీదే అంటా ఉండాడు" అన్నాను.

పెద్దాయన ముఖం విప్పారింది. మెల్లగా కూర్చున్నాడు. "ఆ, మాట మాత్రం సరిగ్గా చెప్పినాడు. జెండా ఒకటే తక్కువ."

సాయంత్రం ఆయన్ని రైలెక్కించి, ప్లాట్‌ఫారం మీద ఇద్దరం వెనక్కి నడిచాం. గేటే అడిగాడు. "ఏల మార్చినావురా?"

"అంతమంది చూస్తారని..." అన్నాను.

"అంతమంది చూడాలనే కదరా మా నాయన్ని పెట్టమనింది."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారంలో నేను రెండుమూడు సార్లు క్షమించమన్నాను. ప్రతిసారీ వాడు "సరేలే" అన్నాడు. ఆ సరేలే నిజమైన సరేలే కావడానికి మూడేళ్లు పట్టింది. అదీ వాడి మంచితనమే, నా గొప్ప కాదు.

ఇప్పుడు నేను ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. గేటు పాకాలలో సొంత షాపు పెట్టుకున్నాడు. ఆ ఆట తయారుచేసిన వాళ్లు రెండో భాగానికి మళ్లీ చందాలు మొదలుపెట్టి, పాతవాళ్లు కావాలంటే తమ పాత్రను మార్చుకోవచ్చన్నారు. ఆ ఉత్తరానికి నేను ఒక్క ముక్కా రాయకుండా అలాగే గేటుకు పంపేశాను. వాడు తన ఇంగ్లీషులో తనే రాశాడు. పంపేముందు నాకు చూపించాడు. అందులో నాలుగు తప్పులున్నాయి, నేను ఒక్కటీ దిద్దలేదు. అప్పుడప్పుడు పాత ఆట తెరిచి ఆ ద్వారం దగ్గరికి వెళ్తుంటాను. ఛాతీ విరుచుకుని, తనకే అర్థంకాని మాటలు చెబుతూ, ఎవర్నీ అడక్కుండా గేటు తీసేసే ఆ ఈటెవాడు నాకు బాగా తెలిసినవాడే. షాపులో మూడు ప్రింటర్లు వదిలేసి వచ్చినట్టుంటాడు.

పోయిన నెల పాకాల వెళ్లినప్పుడు పెద్దాయన తలుపు దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. ఆయనకు నేను చేసింది అంతా చెప్పేశాను. సగం వినీ వినకుండా, "అదంతా ఉండనీ, వానికి జెండా ఇచ్చినారా లేదా?" అని అడిగాడు.

"రాసి పంపినాం నాయనా. ఆట ఇంకా కాలేదు, గడ్డి కాడనే ఉండారు."

"కానీలే. తొందరేమప్పా?" అన్నాడు, వీధిలో పోయేవాళ్లను చూస్తూ. "రోంతసేపుంటే దావంతా నీదే."

ఇరవై మూడేళ్లప్పుడు ఈ మాట నాకు చాలా చిన్నదిగా కనబడింది. పాపం, అప్పుడు నా చేతిలో ఈటె ఉండింది కదా.