వెనక్కి వచ్చే కారు

తలుపు తీయగానే లోపలి వేడి మొహానికి కొట్టింది. ఎండకు కాగిన రెగ్జిన్ సీట్ల వాసన, దాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో కొట్టిన నిమ్మకాయ సెంటు, ఆ రెండింటి అడుగున పాత కార్లకు మాత్రమే ఉండే ఒక మగ్గిన వాసన. ఏలూరు బైపాస్ పక్కన వాడిన కార్లు అమ్మే షెడ్డులో ఉన్నాం. పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చిన దగ్గర్నుంచి మా అమ్మాయి హారికకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. దాని కాలేజీ తాడేపల్లిగూడెంలో. రోజూ వెళ్ళి రావడానికి దానికంటూ ఒక కారు చూద్దామని వచ్చాం. "అమ్మా, దీనికి పైన అద్దం తెరుచుకుంటుంది!" అని ఒక మూల నుంచి అరుస్తోంది. "డాక్టరుగారి బండండీ, చాలా నీటుగా వాడారండీ" అంటున్నాడు షెడ్డు యజమాని. ఈ లోకంలో అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ ఎవరో ఒక డాక్టరుగారిదే.

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చెయ్యి స్టీరింగు మీదికి వెళ్ళకముందే మెడ దానంతటదే వెనక్కి తిరిగింది. "కారెక్కి ముందుకు చూస్తారు గానీ, వెనక్కి చూస్తావేంటమ్మా?" అని హారిక నవ్వింది. దానికి జవాబు చెప్పాలంటే మా రాజ్యం అత్తయ్య గురించి చెప్పాలి. షెడ్డులో నిలబడి చెప్పే సంగతి కాదు గనుక ఊరుకున్నాను. ఇక్కడ చెబుతాను.

రాజ్యలక్ష్మి అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. కలిదిండి దగ్గర మా ఊళ్ళోనే ఇచ్చారు. మాకూ వాళ్ళకూ చేపల చెరువులే జీవనం. మావయ్యకు నడుంలోతు నీళ్ళలో దిగి వల లాగమన్నా భయం లేదు కానీ స్టీరింగు అంటే హడలు. కొత్తగా జీపు కొన్న రోజుల్లో వాకిట్లోంచి బయటికి తీయబోయి తిన్నగా గడ్డివాములోకి పోనిచ్చాడట. దిగి, ఒంటి మీది గడ్డి దులుపుకుని, తాళాలు అత్తయ్య చేతిలో పెట్టి, "నువ్వే నేర్చుకోవే, నావల్ల కాదు" అన్నాడట. అత్తయ్య నేర్చుకుంది. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, మావయ్య పాత కాన్వాసు బూట్లు తొడుక్కుని, చెరువులకి మేత బస్తాలు తనే తోలుకెళ్ళేది. మావయ్య పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా తన కాలి కింద లేని బ్రేకును గట్టిగా తొక్కేవాడు. "ఏవండీ, అలా తొక్కుతుంటే కింద రేకు అరిగిపోతాదండీ" అనేది అత్తయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. ఆడమనిషి జీపు తోలుతోందని వింతగా చూడటానికి వచ్చినవాళ్ళని "ఎక్కండర్రా, దింపుతాను" అని ఎక్కించుకునేది. ఒకసారి ఎక్కి దిగినవాళ్ళు మళ్ళీ ఎగతాళి చేసినట్టు నేను వినలేదు.

నేను అప్పుడు ఏలూరులో డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఊరి నుంచి బస్సు దొరికే రోడ్డు దాకా చెరువు గట్టు మీదే వెళ్ళాలి. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో ఒక్క లారీ పట్టేంత మట్టి దారి. చినుకు పడితే ఆ నల్లమట్టి సబ్బులా జారుతుంది. ఆ వానాకాలం నా స్కూటీ జారి, అదీ నేనూ గట్టు దిగువకు దొర్లి చెరువులో పడ్డాం. మోకాలి లోతు నీళ్ళే, దెబ్బలు కూడా తగల్లేదు. కానీ నెత్తి నుంచి కాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి నాన్నగారు ముందు తాళంచెవి అడిగి తీసుకున్నారు. స్కూటీని కొట్టంలో పెట్టి తాళం వేశారు. నడిచి వెళ్తే బస్సు వెళ్ళిపోయేది. ప్రాక్టికల్స్ తప్పిపోసాగాయి. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వమని కాలేజీలో చెప్పేశారు. "ఇంట్లో ఉండి ప్రైవేటుగా కట్టుకో" అన్నారు నాన్నగారు. ల్యాబు లేకుండా సైన్సు చదవడం కుదరదని ఏడుస్తూ చెప్పాను. "అయితే బీయే కట్టు" అన్నారు. ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది. కోపమైతే రేపటికి తగ్గుతుంది, ఇది తగ్గేలా లేదు.

సంగతి తెలిసి అత్తయ్య ఆ సాయంత్రమే వచ్చింది. "అన్నయ్యా, పిల్లకి కారు కొను" అంది, మంచినీళ్ళు కూడా తాగకుండా. "స్కూటీతోనే చెరువులో పడింది. కారు కూడా పడెయ్యాలా?" అన్నారు నాన్నగారు. "పడని కారు చూద్దాంలే. తోలడం నేను నేర్పుతాను" అంది. నాన్నగారు ఒప్పుకోలేదు, అత్తయ్య వదల్లేదు. చివరికి, "మొదటిరోజు నేను వెనకాల కూర్చుంటాను రాజ్యం. నాకు గుండెదడ పుట్టిందంటే మాత్రం కారూ లేదు, కాలేజీ లేదు. మళ్ళీ నన్ను ఇంకేం అడక్కూడదు" అన్నారు. నా చదువంతా నాన్నగారి గుండెదడ మీద ఆధారపడింది.

ముగ్గురం జీపులో కార్ల వేటకు బయల్దేరాం. ముందు నల్లజర్లలో నాన్నగారి స్నేహితుడి దగ్గర ఒక పెద్ద బండి చూశాం. నాన్నగారి దృష్టిలో కారంటే ఇనుము. ఎంత బరువుంటే అంత క్షేమం. దాన్ని అరచేత్తో చరిచి, "చూడు, ఏనుగులా ఉంది" అన్నారు. ఎక్కి కూర్చుంటే బానెట్ మీదుగా నాకు ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అత్తయ్య ఒక్క చూపు చూసి, "గట్టు అంచు ఎక్కడుందో కనపడని బండిలో పిల్లని కూర్చోబెడతావా అన్నయ్యా? నీళ్ళలో పడితే ఇనుము తేలదు" అంది. స్నేహితుడి కాఫీ తాగి వచ్చేశాం.

తాడేపల్లిగూడెంలో నా మనసు పోయింది. ఎర్ర కారు. నల్ల అద్దాలు, పాట పెడితే సీటు అదిరే స్పీకర్లు. నేను స్టీరింగు వదలడం లేదు. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి, "వెనక్కి తిరిగి చూడు. ఏం కనపడతంది?" అంది. "స్పీకర్లు కనపడుతున్నాయి అత్తయ్యా." "వాటి వెనకాల?" వాటి వెనకాల చిన్న నల్ల అద్దం, అందులో ఏమీ లేదు. "ముందుకెళ్ళడానికి ఏ కారైనా వెళ్తాదే అమ్మడూ. మనకి కావాల్సింది వెనక్కి వచ్చే కారు" అంది. నాకు ఏడుపొచ్చింది. దార్లో హోటల్లో అలిగి దోసె ముట్టుకోలేదు. అత్తయ్య నన్ను బతిమాలలేదు. నా దోసె కూడా తనే తిని, చట్నీ బాగుందని మెచ్చుకుంది.

చివరికి ఏలూరులోనే, రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన అమ్ముతున్న చిన్న కారు దగ్గర మా వేట ఆగింది. బిస్కెట్టు రంగు, చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు. అందం అన్నది ఏ కోశానా లేదు. అత్తయ్య నన్ను ఎక్కించి, సీటు నా కాళ్ళకు అందేలా ముందుకు జరిపి, మళ్ళీ అదే ప్రశ్న వేసింది. "కోడి పోతోంది. పిల్లలు కూడా ఉన్నాయి దాని వెనకాల" అన్నాను విసుగ్గా. "ఇదే మన కారు" అంది. నాన్నగారు కంగారుపడి, "ఇంజనూ అదీ చూడవా?" అన్నారు. "ఇంజను, బ్రేకులు మెకానిక్కు చూస్తాడు అన్నయ్యా. పిల్లకి ఏం కనపడతందో మెకానిక్కు చూడడు కదా" అంది.

మా చెరువు గట్ల మీద దారి గురించి తెలియనివాళ్ళకి ఈ వెనక్కి గొడవ అర్థం కాదు. ఆ గట్ల మీద రెండు బండ్లు ఎదురైతే పక్కకు తప్పుకోవడానికి పక్క అనేదే ఉండదు. ఎవరో ఒకరు గట్లు కలిసే మూల దాకా వెనక్కి వెళ్ళాలి. ఎవరన్నదానికి ఎక్కడా రాసి లేని పద్ధతి ఒకటుంది. లోడు బండికి ఖాళీ బండి దారివ్వాలి. చేపల లోడైతే ఇక మాటే లేదు. మాకు బండ్లు నేర్పేవాళ్ళంతా ముందుకు తోలడం నేర్పి వదిలేసేవారు. వెనక్కి పోవడం రాక గట్టు మధ్యలో నిలబడి పోట్లాడుకునేవాళ్ళని చాలామందిని చూశాను. అత్తయ్య నాకు ముందు వెనక్కి నేర్పింది. చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువు ఒకటి చూసి, దాని గట్టు మీదికి తీసుకెళ్ళి, "పడినా ఇక్కడ బురదే, భయపడకు" అని పక్కన కూర్చుంది. మెడ నొప్పి పుట్టేదాకా వెనక్కి, వెనక్కి. ఒకరోజు విసిగిపోయి, "ఎప్పుడూ మనమే ఎందుకు వెనక్కి వెళ్ళాలి అత్తయ్యా? వాళ్ళు వెళ్ళకూడదా?" అని అడిగాను. "వెళ్ళచ్చు. కానీ నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటే అవతలి వాడి చేపల మీద ఐసు కరిగిపోతాది" అంది. నేను తర్వాత ఉద్యోగంలోనూ, సంసారంలోనూ ఎన్నోసార్లు ఆ ఐసును తలుచుకుని వాదన మానేశాను. నష్టపోయినట్టు గుర్తు లేదు.

అత్తయ్య పోయి రెండేళ్ళయింది. అంతకు ముందే, గట్టు అంచు మసగ్గా కనపడుతోందని తనంతట తనే తోలడం మానేసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను ఆ చదువు పూర్తి చేసి, ఇప్పుడు ఏలూరులో చెరువు నీళ్ళు పరీక్షచేసే చిన్న ల్యాబు నడుపుతున్నాను. వారంలో సగం రోజులు ఆ గట్ల మీదే నా తిరుగుడు. హాయిగానే ఉన్నాను. అదంతా నాన్నగారు నా వెనక కూర్చున్న ఆ మొదటిరోజు వల్లే కుదిరింది.

ఆ రోజు అత్తయ్య నా పక్కన, నాన్నగారు వెనక సీటు మధ్యలో. గట్టు సగం దాటామో లేదో ఎదురుగా మా హైస్కూలు లెక్కల మాస్టారి కారు వచ్చింది. రెండూ ఖాళీ బండ్లే. పెద్దాయన కదా అని నేను చక్కగా మూల దాకా వెనక్కి వెళ్ళి ఆగాను. ఎంతసేపటికీ ఆయన రాలేదు. చూస్తే, మా నాన్నగారిని గుర్తుపట్టి ఆయన కూడా మర్యాదకు అటు చివరి దాకా వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. సరే అని నేను బయల్దేరాను. అదే సమయానికి ఆయనా బయల్దేరారు. మళ్ళీ సరిగ్గా గట్టు మధ్యలో ఎదురయ్యాం. నాన్నగారు దిగి, "ఏవండీ మాస్టారూ, మీరు రండి" అన్నారు. "అబ్బెబ్బే, అమ్మాయి కొత్తగా తోలుతోంది, మీరే రండి." "చిన్నపిల్లండీ, అదే వెనక్కి పోతాది." "అలా అనకండి, బాగుండదండీ." అత్తయ్య తల పట్టుకుని, "వీళ్ళ మర్యాదలు తేలేసరికి పొద్దుగుంకుద్ది" అంది.

అంతలో మాస్టారి వెనక హారను మోగింది. చేపల లారీ. ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇక మాటల్లేవు, వెనక్కి వెళ్ళాల్సింది నేనే. నాన్నగారు గబగబా వచ్చి ఎక్కి, సీటు మధ్యలో ముందుకు వంగి కూర్చున్నారు. ఆయన పొడగరి. నేను వెనక్కి తిరిగి చూస్తే దారి లేదు, గట్టు లేదు, అద్దం నిండా ఆయన మొహమే ఉంది. ఆ మొహం నిండా భయం. నాన్నగారిని పక్కకు జరగమనడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, నాకు అసలే లేదు. బండి కదిలించకుండా అలాగే ఉండిపోయాను. లారీ మళ్ళీ హారను కొట్టింది.

అత్తయ్య వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, పిల్లకి దారి కనపడట్లేదు. తల దించు" అంది.

ఆయన ఒక్క క్షణం అత్తయ్యను చూశారు. తర్వాత నన్ను చూశారు. పంచాయితీల్లో నలుగురికీ తీర్పు చెప్పే మా నాన్నగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ మోకాళ్ళకు నుదురు ఆనేలా వంగిపోయారు. వెనక అద్దం మొత్తం ఖాళీ అయింది. చక్రాల గాడి, దాని రెండు వైపులా నీళ్ళు, దూరంగా మూల, అన్నీ కనిపించాయి. నేను నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా వెనక్కి వెళ్ళాను. మాస్టారు చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయారు, ఆయన వెనక లారీ వెళ్ళింది. అత్తయ్య చెప్పేదాకా నాన్నగారు తల ఎత్తలేదు. ఆయనకు గుండెదడ పుట్టిందో లేదో నాకు తెలియదు, పుట్టే ఉంటుంది. లేచి, చొక్కా సర్దుకుని, "రేపు నీ కాలేజీ ఎన్నింటికి?" అని అడిగారు. చెప్పాను. "అయితే ఇంట్లో కాస్త ముందే బయల్దేరు" అన్నారు.

అత్తయ్య నేర్పిన దాంట్లో చాలా భాగం ఇప్పుడు కార్ల వెనక కెమెరాలే చూసుకుంటున్నాయి. షెడ్డులో హారిక రెండు కార్ల మధ్య నిలబడి, "అమ్మా, నాకు ఆ ఆకుపచ్చది నచ్చింది. అన్నీ చూసుకున్నాను, చుట్టూ బాగానే కనపడుతోంది. నువ్వేమంటావు?" అంది. ఆ చిలకాకుపచ్చ కారును నేనైతే చచ్చినా కొనను. రంగు గురించి, బరువు గురించి, గూడెం రోడ్డు మీద లారీల గురించి నా నోటి నిండా మాటలున్నాయి. భయం కూడా ఉంది, అది వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు పక్కన కూర్చుని "తల దించు" అనడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. నాకు అత్తయ్య ఉండేది. హారికకు అలాంటి మనిషి లేదు. అందుకని ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను.