బేరి చెట్టు వెనక గోడ

“...అయితే ఆవులు కూడా అవిశ్వాసులేనా అక్కా, కాలి చావడానికి?”

“నోరు ముయ్యి క్రైన్. ముందు ఆ దూలం మీద సరిగ్గా కూర్చో. పడతావు.”

“పడితే దేవుడి చిత్తమని సరిపెట్టుకుంటావుగా! ఒక్క రాగి తీగ అక్కా, కప్పు మీంచి నేలలోకి. పిడుగు దాని దారిన అది పోతుంది.”

“వద్దని చెప్పాను.”

కాలిపోయిన కొట్టాన్ని మళ్ళీ కడుతున్న వడ్రంగి క్రైన్‌కీ వాళ్ళక్క యాకోమీనాకీ ఆ సెప్టెంబరంతా ఇదే గొడవ. పక్క పొలం మాది కనక రోజూ వినపడేది. వేసవిలో పిడుగు పడి ఆమె పశువుల కొట్టం తగలబడింది. ఆమె లోపలికెళ్ళి గొలుసులు విప్పబోతే ఒక్క ఆవే బయటికొచ్చింది. ఆమె అరచేతుల్లో ఆ గొలుసు వాతలు ఇంకా మానలేదు.

యాకోమీనా మా జీలండ్ లంకలోకి పాలు పితికే పనికి వచ్చి, హౌబ్‌ని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఆ రోజుల్లో వాళ్ళ కొట్టానికి తీగ ఉండేది. హౌబ్ పోయాక అతని అన్న మరీనుస్ వచ్చాడు. మా చర్చి సంఘపెద్ద ఆయన. వంటింట్లో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, “దేవుడి చేతికి మనం అడ్డం పెట్టేదేంటమ్మా? నీ జాగ్రత్త మీద కాదు, ఆయన మీద ఆనుకో,” అన్నాడు.

మర్నాడు ఆమే నిచ్చెన ఎక్కి తీగ ఊడబీకింది. అప్పట్నుంచి ఉరుములొస్తే మేమంతా దీపం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆమె హాయిగా నిద్రపోయేది. కొట్టం కాలిపోయాక కూడా ఆ నిద్ర చెడలేదు. ఆదివారాలు మరీనుస్ గుర్రబ్బండిలోనే చర్చికి వెళ్ళేది.

ఆ శనివారం ఆయనింట్లో బేరిపళ్ళు కోయడానికి యాకోమీనా, నేనూ వెళ్ళాం. దక్షిణపు గోడకి ఆనించి పెంచిన చెట్టు అది. నిచ్చెన మీదున్న యాకోమీనా ఆకులు పక్కకి తోసి ఆగిపోయింది. గోడ వెంట ఏదో సన్నగా పైకి పోతోంది. ఇటుక రంగే పూశారు దానికి. ఆమె గోటితో గీకింది. లోపల రాగి మెరిసింది. కప్పు దాకా చూసింది. కింద నేలలోకి దిగినచోటు చూసింది. మళ్ళీ పళ్ళు కోయడం మొదలుపెట్టింది.

మరీనుస్ కాఫీ పట్టుకొచ్చాడు. “దిగమ్మా, చల్లారిపోతుంది.”

“ఈ రంగు ఎవరు వేశారు బావగారూ?”

ఆయన గోడ వైపు చూసి, “పిల్లలున్న ఇల్లు కదమ్మా,” అన్నాడు.

“మా వంటింటికి రాకముందా, వచ్చాకా?”

కాఫీ గిన్నె మీద మూత సర్దాడు. “ముందే.”

యాకోమీనా దిగి, నిండిన బుట్ట నా చేతికిచ్చి నడిచింది. కాఫీ తాగలేదు. నేను వెనకే వెళ్ళాను.

క్రైన్ ఇంకా దూలం మీదే ఉన్నాడు. “ఏంటక్కా ఆ మొహం? బావగారి పళ్ళు పుల్లగా ఉన్నాయా?”

“ఆయనింటికి తీగ ఉందిరా. ఇటుక రంగు పూసి దాచాడు.”

సుత్తి ఆగింది. క్రైన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. “సోమవారం తీగ తెచ్చి బిగించెయ్యనా?” అన్నాడు మెల్లగా.

ఆమె గోటి కింద ఎర్రరంగు పుల్లతో తీసుకుంది.

“మన కప్పుకి తీగ వద్దు. రేపు ఆయన బండి వస్తే వెనక్కి పంపెయ్. నేను నడిచి వెళ్తాను.”