రాతి బంగళాకు పైన్ సీలింగ్

ఆ వానల్లో పోయినవి: సీలింగ్ చెక్కలు అరవై నాలుగు, ఫ్యాన్లు రెండు, గోడ గడియారం ఒకటి, పావురం గూడు ఒకటి, అందులో గుడ్లు రెండు. జూబ్లీహిల్స్‌లోని ఆ పాత బంగళా హాల్లో మరమ్మతు కాంట్రాక్టు నాది కాబట్టి, నిచ్చెనెక్కి నేనే లెక్కపెట్టాను. ఎర్రగడ్డలో కలప అడితిలో చూసి చూసి నేర్చుకున్న లెక్క నాది. అప్పటిదాకా తప్పలేదు.

ఆ సీలింగ్ ఎప్పుడో ఓడలో వచ్చిన పైన్ చెక్క. ఇంటావిడ టేకు వేద్దామన్నారు. పాత దూలాలు ఆ బరువు మోయలేవనీ, పైన్ పోయిన చోట పైన్ చెక్కే ఉండాలనీ ఆర్కిటెక్టు పట్టుబట్టాడు.

"సరేనండీ, శుక్రవారానికి మూసెయ్యండి. లేదంటే అంతా పీకించి జిప్సం సీలింగ్ వేయించేస్తాను," అన్నారావిడ.

హాలు పొడవు ముప్పై రెండు అడుగులు. పాత చెక్కల వెడల్పు ఆరేసి ఇంచులు. అరవై నాలుగు ఆరులు సరిగ్గా ముప్పై రెండు అడుగులు. అంత అందమైన లెక్క నాకెప్పుడూ తగల్లేదు. అడితిలో ఉన్న ఆరు ఇంచుల దిగుమతి పైన్ అరవై నాలుగూ తెప్పించాను. గురువారం ఆఖరి చెక్క బిగించాక ముప్పై రెండు ఇంచుల సందు మిగిలింది. అందులోంచి పావురం తొంగి చూసింది.

ఇప్పటి దిగుమతి చెక్క చిత్రిక పట్టి వస్తుంది. పేరుకు ఆరు, టేపుకు ఐదున్నర. నిచ్చెన మీదే నవ్వొచ్చింది. ఇంకో ఆరు చెక్కలు కావాలి. కొత్త సరుకుకు వారం పడుతుంది.

ఆటో ఎక్కి, ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసే మేస్త్రీ దగ్గరకు పోయాను. అదే పైన్‌తో కట్టిన దర్బారు సెట్టు విప్పుతున్నాడు.

"అసలు బంగళా కోసం నకిలీ మహల్‌ను అడుక్కుంటున్నవా సార్? గీ ఆరు తీస్కపో. పైసలొద్దు, చెక్కకు చెక్క ఇయ్యి. చీటీ రాయి."

"ఆరు ఇంచుల చెక్కలు ఆరు" అని అలవాటుకొద్దీ రాసిచ్చాను.

వాటికి ఒక పక్క బంగారు రంగు ఉంది. ఆ పక్కను పైకప్పు వైపు తిప్పి బిగించాం. శుక్రవారం ఆవిడ తలెత్తి చాలాసేపు చూశారు.

"జిప్సం వాళ్లను రావద్దని చెప్పేస్తానండీ."

ఎగిరి గంతేయకుండా నిచ్చెన పట్టుకున్నాను.

సరుకు రాగానే ఆరు చెక్కలు మోయించుకెళ్లాను. మేస్త్రీ చీటీ తీశాడు, టేపు పెట్టాడు.

"ఐదున్నరే ఉంది సార్."

"నువ్విచ్చిందీ ఐదున్నరే కదయ్యా."

"నేనేమన్న చీటీ రాసిన్నా? రాసింది నువ్వు."

వడ్రంగులంతా పని ఆపి నవ్వారు. నేనూ నవ్వాను, లెక్క మాత్రం అతనిదే రైటు. చెక్కకు అర చొప్పున ఆరు అర ఇంచులు. నేటికీ నేను అతనికి మూడు ఇంచుల పైన్ చెక్క బాకీ.